గొంతుల బాయి

కాకి దిగడం లేదు.

మందమర్రి అవతల వాగు ఒడ్డున, మొన్న చితి కాలిన చోటికి కాస్త ఎడంగా మోదుగాకుల ఇస్తారి పరిచారు. అందులో అన్నం, కోడికూర, ఉడికిన గుడ్డు, ఒక సిగరెట్టు పెట్టారు. పక్కనే గ్లాసులో విస్కీ పోశారు. మనిషి పోయిన మూడోనాడు అతనికి ఇష్టమైనవన్నీ ఇలా పెట్టి దూరంగా జరిగి కూర్చుంటారు. పిట్ట వచ్చి ముట్టిందంటే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టలేదంటే వాడి మనసులో ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ఇస్తారి దగ్గరికి వెళ్లి, ఆ మిగిలిందేమిటో ఊహించి, అది తీరుస్తామని మాట ఇవ్వాలి. సరైన మాట పడితే పిట్ట దిగుతుందని అందరి నమ్మకం.

కాకులు లేక కాదు. ఎదురుగా తుమ్మచెట్టు నిండా అవే. ఇంతమంది తమ కోసమే కూర్చున్నారన్న ధీమాతో ముక్కులు కొమ్మకు రుద్దుకుంటున్నాయి.

పోయినవాడు పరశురాములు. బస్తీకంతా పర్శి. వయసు ముప్పై దాటి ఎంతో కాలేదు. భార్య నవనీత, బడికి పోయే బిడ్డ సృజన. తండ్రి రిటైరయ్యాక ఆయన ఉద్యోగం కొడుకుకు వచ్చింది, అదీ బొగ్గు బాయిలో. ఈ దిక్కున గనిని బాయి అనే అంటారు. సెలవు దొరికితే పర్శి గిటారు తగిలించుకొని మెటల్ పాటలు పాడేవాడు. పాడడం అన్నది మర్యాదకు వాడిన మాట. గొంతు చించుకొని గర్జించేవాడు. అన్నీ తాగుడు పాటలే. అందులో ‘గొంతుల బాయి’ అన్న పాట కరీంనగర్ కాలేజీల దాకా పాకింది. వేదిక మీద ఆ పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. పర్శి విస్కీ సీసా ఎత్తి గటగటా తాగుతాడు. కింద పిల్లలు పూనకం వచ్చినట్టు ఊగుతారు. సీసా దించాడో లేదో డ్రమ్ములు ఉరుముతాయి.

ఆ డ్రమ్ములు వాయించే అర్ఫాత్ ఇప్పుడు షామియానా గుంజను పట్టుకొని నిలబడి ఉన్నాడు. షామియానా వాళ్లదే. తండ్రి ఇబ్రాహీంకు టెంటు సామాన్లు, మైకులు కిరాయికి ఇచ్చే దుకాణం ఉంది. కుర్చీలు దింపేసి అతను వెళ్లిపోవచ్చు, కానీ కాళ్లు కదలడం లేదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో అతనికీ నవనీతకూ మాత్రమే తెలిసిన, నవనీత ఎంత చెప్పినా ఎవరూ నమ్మని సంగతి ఒకటుంది. పర్శి జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ఆ సీసాలో ఉండేది చాయ్ డికాషను. పాలు, చక్కెర లేకుండా నవనీతే మరిగించి, చల్లార్చి, వడగట్టి పోసేది.

ఆ సీసాయే కొంప ముంచింది. కరీంనగర్‌లో పాడి, మర్నాడు పొద్దున పర్శి బండి మీద తిరిగొస్తున్నాడు. లారీల మీంచి రాలిన బొగ్గు పొడి వానకు తడిసి రోడ్డంతా జారుడు. అక్కడే చక్రం జారింది. అర్ఫాత్ డ్రమ్ములతో ట్రాలీ ఆటోలో వెనక వస్తున్నాడు. అతను చేరేసరికి జనం మూగి ఉన్నారు. పర్శి సంచిలోంచి పగిలిన సీసా ముక్కలు రోడ్డు మీద పడి ఉన్నాయి, కంపెనీ లేబుల్‌తో సహా. చూసినవాళ్లకు ఇంకేం కావాలి? తాగి సచ్చిండు అన్న మాట శవం కంటే ముందు బస్తీకి చేరింది. డాక్టర్లు పరీక్ష చేసి చెప్పడానికి రోజులు పడతాయి. బస్తీకి అంత ఓపిక ఎక్కడిది?

ఇస్తారి దగ్గరికి మొదట పర్శి మేనత్త ఐలవ్వ వెళ్లింది. కార్యం నడిపిస్తున్నది ఆమే. నేల మీద కూలబడి చేతులు చాపింది.

“కొడుకా పర్శీ, నీ బిడ్డ ఫికరా? నా పానం లెక్క చూసుకుంట. రా బిడ్డా, జర ముట్టు.”

కాకి కదలలేదు.

పక్క క్వార్టరు బుచ్చిరాములు వెళ్లాడు. “నీ గిటారు ఎవ్వలకూ ఇయ్యం రా. ఇంట్లనే ఉంటది. సరేనా?” అన్నాడు. గిటారు ముచ్చట కాకులకు నచ్చినట్టు లేదు. ఒకటి లేచి ఇంకో కొమ్మ మీద వాలింది, అంతే.

ఎండ చురుక్కుమంటోంది. నవనీత ఎవరి వంకా చూడకుండా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. సృజన ఆమె ఒళ్లో తలపెట్టుకొని పడుకుంది. ఆడవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. బియ్యం కొలిచినట్టు తలా ఒక మాట వేస్తున్నారు.

“మందు సాలలేదేమో. గంత తాగేటోనికి గా సుక్క ఏమూలకు?” అంది ఐలవ్వ. తమ్ముడి వైపు తిరిగింది. “నువ్వు పొయ్యి తమ్మీ. కన్నతండ్రివి. నీ చేతుల మీదికెల్లి పోస్తే ముడుతడు.”

హనుమండ్లు లేచాడు. పర్శి తండ్రి. మెడలో తులసి పూసలు. ఏటా కొండగట్టు అంజన్న మాల వేసే మనిషి. చుట్టుపక్కల ఏ ఇంట్లో తాగుబోతు మొగుడున్నా, ఏ కొడుకు జీతమంతా బెల్టు షాపులో ఊడ్చి వచ్చినా, ఆడవాళ్లు తీసుకొచ్చి ఆయన ముందు కూర్చోబెడతారు. ఆయన మందలించి, ఒట్టు వేయించి, మాల వేయించి పంపిస్తాడు. అంత పేరున్న మనిషికి తాగుడు పాటల కొడుకు. ‘గొంతుల బాయి’ బస్తీలో మోగడం మొదలైనప్పటి నుంచి ఆయన కొడుకుతో మాట్లాడడం మానేశాడు. ఒకే క్వార్టరులో ఉంటూ కూడా అన్నానికి వేరే వేళకు కూర్చునేవాడు. పాట వినపడితే చెప్పులు వేసుకొని బయటికి నడిచేవాడు.

ఇప్పుడు ఆయనే విస్కీ సీసా అందుకున్నాడు. మూత తిప్పాడు. మొహం పక్కకు తిప్పుకొని గ్లాసులో పోస్తుంటే సగం ఇసుకలో పడింది.

“తాగు బిడ్డా,” అన్నాడు. “బతికినన్నొద్దులు తిట్టిన. ఇప్పుడు నేనే పోస్తున్న. తాగు.”

అది వినేసరికి నవనీత తట్టుకోలేకపోయింది.

“ఆయన తాగడు మామా!” అంది గట్టిగా. “ఎన్నిసార్లు చెప్పాలె? ఒక్కనాడు తాగలే. గా గ్లాసు తియ్యుండ్రి ముందు!”

అందరూ జాలిగా చూశారు. ఆ జాలి చెంపదెబ్బ కంటే హీనంగా ఉంది.

“ఊకో బిడ్డా,” అన్నాడు బుచ్చిరాములు. “సీసా మేమందరం చూసినం గదా. పోయినోని ముచ్చట ఇంక దాచుడెందుకు?”

“దాచుడు కాదు, నిజం! రేపు నా బిడ్డను బడిల ఏమంటరు? తాగి సచ్చినోని బిడ్డ అంటరు. అది జిందగీ మొత్తం మొయ్యాల్నా?” నవనీత చుట్టూ చూసి, షామియానా గుంజ దగ్గర ఆగింది. “అర్ఫాతన్నా, నువ్వు చెప్పు. నా మాట నమ్ముతలేరు. నీ మాట నమ్ముతరు.”

తలలన్నీ అటు తిరిగాయి. ఇది వాళ్ల ఇంటి కార్యం, తను వేరే ఇంటివాడు. నోరు విప్పడం తగునా అని ఒక క్షణం తటపటాయించాడు. నవనీత చూపు మాత్రం అతని మీంచి కదల్లేదు.

“చెల్లె చెప్పింది నిజమే,” అన్నాడు. “పర్శి తాగడు. గా సీసల చాయ్ నీళ్లు. ఖుదా కసం. మొదటిసారి నేను గుడ వాసన చూసి పరేషాన్ అయిన. ఊర్కనే స్టేజీ మీద షాన్ కోసం పట్టుకుంటుండె.”

గుంపులో అలికిడి పుట్టింది. ఐలవ్వ ముక్కు మీద వేలేసుకుంది. హనుమండ్లు చేతిలో సీసా అలాగే ఉంది. ఆయన అర్ఫాత్‌ను రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

ఒక్క బుచ్చిరాములే తల అడ్డంగా ఊపాడు. ఆయన చెడ్డవాడు కాదు, కానీ ఏ విషయాన్నైనా మొదలంటా తవ్వితే తప్ప నిద్రపట్టని రకం.

“నేను అర్వై ఏండ్లోన్ని. తాగినోన్ని, తాగి ఇడిసినోన్ని. గా పాట మా పోరగాళ్లు పెడితే నేనిన్న. ఒక్కొక్క మాట తాగినోడే అనాలె. తాగి ఇంటికొచ్చి తలుపు కాడ నిలవడ్డోడే అనాలె. చాయ్ నీళ్లు తాగేటోనికి గా ముచ్చట్లన్ని ఎట్ల ఎరుకైనయ్? చెప్పు.”

అర్ఫాత్ గుంజకు కట్టిన తాడు మీదికి చూపు దించుకున్నాడు.

చెప్పడానికి జవాబు ఉంది. అదే చిక్కు. నవనీతకు కూడా తెలియని ఆ జవాబు పర్శి అతనికి ఒకనాడు చెప్పాడు. ఖాళీ క్వార్టరులో ప్రాక్టీసు అయ్యాక, డ్రమ్ముల మీద దుమ్ము తుడుస్తూ అర్ఫాత్ సరిగ్గా ఇదే ప్రశ్న అడిగాడు. పర్శి గిటారు తీగలు వదులు చేస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు. మందమర్రికి బదిలీ కాకముందు వేరే ఊరి బాయిలో పనిచేసేటప్పుడు హనుమండ్లు తాగి తాగి ఇల్లు నరకం చేశాడట. పర్శి తల్లి లస్మవ్వ ఏడవని రోజు లేదట. ఈ ఊరికి వచ్చేటప్పుడు ఆయన ఒట్టేసి మానేశాడు. ఎప్పటి నుంచో ఈ ఊళ్లోనే కాపురమున్న అక్క ఐలవ్వతో సహా ఇక్కడివాళ్లకు ఆ పాత మనిషి తెలియనే తెలియడు. లస్మవ్వ ఆ సంగతి గుండెలోనే పెట్టుకొని పోయింది.

“మరి మీ బాపుకు చెప్పరాదురా? నువ్వు తాగవని, పాటలు ఆయనవని?” అని అడిగాడు అర్ఫాత్.

“చెప్తే బస్తీకి ఎరుకైతది. ఇప్పుడు ఆయన దగ్గరికి పదిమంది వస్తున్నరు, బాగుపడి పోతున్నరు. గా ఇజ్జత్ నేను తియ్యన్నా? నన్నే తాగుబోతు అనుకోనీ. నాకేం తక్కువైతది? నువ్వు మాత్రం నోరు ఇప్పకు అర్ఫాత్. ఒట్టెయ్యి.”

అర్ఫాత్ ఒట్టేశాడు. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఒట్టు ఇంత బరువుగా ఉంటుందని ఎవరికి తెలుసు? ఇప్పుడు చెబితే కొడుకు మీది మచ్చ పోతుంది, కానీ కొడుకు ప్రాణం పెట్టి కాపాడిన తండ్రి పరువు ఈ వాగు ఒడ్డునే పోతుంది. చెప్పకపోతే సృజన తాగి సచ్చినోని బిడ్డగానే పెరుగుతుంది. అర్ఫాత్‌కు ఏడుపొచ్చింది, పర్శి మీద కోపమూ వచ్చింది. ఇంత పని పెట్టి పోతాడా మనిషి?

అతని మౌనాన్ని జనం తమకు తోచినట్టే అర్థం చేసుకున్నారు.

“దోస్తు గదా. ఇజ్జత్ కాపాడుదామని చూసిండు, పాపం,” అన్నారెవరో. నవనీత మొహం పాలిపోయింది. అన్న అనుకున్నవాడు సగంలో చెయ్యి వదిలేస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది.

బుచ్చిరాములు జేబులోంచి ఫోను తీశాడు. “పిట్ట కూడ వాని పాట కోసమే ఆగిందేమో. పెడ్త ఆగుండ్రి. మీరే ఇనుండ్రి, తాగినోని మాటలా కాదా.” మైకు సామాన్లలో ఉన్న స్పీకరుకు కలిపి పాట పెట్టాడు.

గిటారు ఒక్కసారిగా భళ్లుమంది. దాని వెనకే డ్రమ్ములు, ఆ పైన పర్శి గర్జన. తుమ్మచెట్టు మీది కాకులన్నీ ప్రాణభయంతో లేచి వాగు అవతలికి పారిపోయాయి. “అయ్యో, ఉన్నయి గుడ పాయె!” అని ఐలవ్వ నెత్తి కొట్టుకుంది. మామూలు రోజైతే అందరూ నవ్వేవాళ్లే. సృజన మాత్రం దిగ్గున లేచి కూర్చుని, “నాన్న!” అంది స్పీకరు వైపు చూస్తూ. నవనీత బిడ్డను గట్టిగా పొదువుకుంది.

హనుమండ్లు చెవులు మూసుకోలేదు. చెప్పులు వేసుకొని వెళ్లిపోనూ లేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ పాట ముందు నిలబడి విన్నాడు. కొంచెంసేపు విని చెయ్యి ఎత్తాడు. బుచ్చిరాములు పాట ఆపాడు.

“నాకు అరుపులే వినవడుతున్నయ్,” అన్నాడు హనుమండ్లు. “మాటలు తెలుస్తలేవు. వాడేమంటుండు గండ్ల?”

ఆయన అర్ఫాత్ వైపు తిరిగాడు.

“నీకెరుక గదా. సాఫ్‌గ చెప్పు.”

“వద్దు కాకా.”

“ఎందుకొద్దు? నా కొడుకు ఏమని అరిసిండో నేను ఇనొద్దా? సచ్చినంక గుడ ఇనొద్దా?”

అర్ఫాత్ నవనీతను చూశాడు. ఆమె ఏమీ అడగడం లేదిక. అడిగి అడిగి అలిసిపోయిన ఆ మొహమే అతన్ని కదిలించింది. పర్శీ, మాఫ్ చెయ్యిరా అనుకున్నాడు. ఒట్టు అక్షరాలా దాటను, పాట మాటలు మాత్రమే చెబుతాను, మిగతాది ఆయన ఇష్టం అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. డ్రమ్ములు లేకుండా, అరుపు లేకుండా, బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు.

“తలుపు తియ్యే, నేనే వచ్చిన. ఒక్క చెప్పు కాలికున్నది, ఒక్కటి తొవ్వల పండుకున్నది. గొంతుల బాయి తవ్విండ్రు, ఎంత పోసినా అడుగు తాకుతలేదు...”

హనుమండ్లు కనుబొమలు ముడిపడ్డాయి. ఎక్కడో విన్న మాటల్ని గుర్తుచేసుకుంటున్నవాడిలా తల కాస్త వంచాడు.

“తలుపు తియ్యే. దీపం ఎలిగియ్యకు. పోరన్ని లేపకు. నా వాసన వానికి తాకనియ్యకు. పొద్దుగాల వాడు అడిగితే, మీ బాపు డ్యూటీకి పోయిండని చెప్పు...”

“ఆపు.”

సీసా ఆయన చేతిలోంచి జారి ఇసుకలో పడింది. విస్కీ గుడగుడమంటూ కారిపోతోంది. ఎవరూ ఎత్తలేదు.

“వాడు పండుకోలేదా?” అన్నాడు హనుమండ్లు.

ఆ మాటేమిటో ఎవరికీ అర్థం కాలేదు. ఐలవ్వ తమ్ముడికి మతి తప్పిందేమోనని లేచి దగ్గరికి రాబోయింది. అర్ఫాత్‌కు అర్థమైంది. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు.

“పండుకోలే కాకా. ఏ దినం పండుకోలే. నువ్వొచ్చెదాక మెల్కనే ఉంటుండెనట. దుప్పటి కప్పుకొని అంత ఇన్నడట.”

ముసలాయన మెడలో పూసల్ని ఒకసారి తడుముకున్నాడు. ఇంకా తప్పించుకునే దారి ఉంది. పిచ్చి పాట, పిచ్చి మాటలు అని దులిపేసుకుంటే ఎవరూ నిలదీయరు. అర్ఫాత్ ఆయన కాళ్ల వంకే చూశాడు, చెప్పుల వైపు వెళతాయేమోనని. ఆ కాళ్లు గుంపు మధ్యలోకి నడిచాయి.

“ఇనుండ్రి,” అన్నాడు హనుమండ్లు. గొంతు పెద్దదేమీ కాదు, కానీ వాగు దాకా వినిపించింది. “నా కొడుకు తాగి సావలే. వాడు తాగలే. తాగింది నేను. గా మాటలు నాయి. ఇంటి ముంగట నిలవడి మా లస్మితోని నేనన్న మాటలు. ఆ సంగతి లస్మికి తప్ప ఎవ్వలకెరుక లేదనుకున్న. పోరడు పండుకున్నడనుకున్న.”

బుచ్చిరాములు చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. హనుమండ్లు దగ్గర ఒట్టేసిన మగవాళ్లు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నేల చూశారు.

“మీరందరు నన్ను సామీ సామీ అంటిరి. నేను వాన్ని తాగుబోతు అంటి. ఒక్క కంచంల తినలే, ఒక్క మాట మాట్లాడలే. వాడు పడ్డడు. నా ఇజ్జత్ వాడు మోసిండు.” ఆయన కోడలి వైపు తిరిగాడు. “బిడ్డా నవనీతా, నువ్వు మూడొద్దుల సంది మొత్తుకుంటున్నవు. నేనే నమ్మలే. ఇంక ఎవడన్న నా మనుమరాలిని ఆ మాటంటే నా దగ్గరికి పంపు. తాగుబోతు ఈడున్నడని చూపెడ్త.”

నవనీత అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఒక్కసారిగా బయటపడింది. ఐలవ్వ ఆమెను కావలించుకుంది. హనుమండ్లు వంగి విస్కీ గ్లాసు తీసి, దూరంగా ఇసుకలో పారబోసి వచ్చాడు.

జనం షామియానా నీడలోకి జరిగారు. కాసేపటికి ఇస్తారి మీద రెక్కల చప్పుడైంది. “ముట్టింది! పిట్ట ముట్టింది!” అని ఎవరో కేకేశారు. ఏ మాటకు ముట్టిందన్నది బస్తీలో ఇప్పటికీ తేలలేదు. మనుషులు దూరం జరిగితే కాకి దిగక ఏం చేస్తుందంటే వినేవాళ్లు లేరు. కాళ్లు కడుక్కోవడానికి అందరూ వాగులోకి దిగారు.

హనుమండ్లు కాకిని చూడలేదు. గుంజ దగ్గర ఉన్న అర్ఫాత్ పక్కకు వచ్చి, కుర్చీ ఉన్నా నేల మీదే కూలబడ్డాడు.

“వాడు ఇంకా శానా పాటలు కట్టిండంటరు గదరా. అండ్ల నాయి ఎన్ని?”

అర్ఫాత్ గుంజ వదిలి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“అన్నీ నీయే కాకా.”

ముసలాయన తల ఊపాడు. కళ్లు తుడుచుకోలేదు.

“అయితే మొదటికెల్లి చెప్పు. అరుపులు లేకుంట.”